బండికి లేని జబ్బు

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా పలమనేరు పోయే లక్ష్మీపతి సర్వీసు బస్సును రాజరత్నం చాలా ఏళ్ళుగా తోలుతున్నాడు. మిషను బడిలో చదువుకుని, మిషను వాళ్ళ కారు తుడుస్తూ తుడుస్తూ స్టీరింగు పట్టడం నేర్చుకున్నవాడు. ఒక వానాకాలం దారిలో వంక పొంగితే, బస్సును వెనక్కి వెనక్కి నడిపి మిట్ట మీదికి ఎక్కించాడు. లోపలున్న వాళ్ళకు కాళ్ళు కూడా తడవలేదని జనం చెప్పుకునేవాళ్ళు. ఆ మాట వినబడితే తల వంచుకుని నవ్వేవాడు గానీ, అది వినడం అతనికి ఇష్టమే.

యుద్ధం రోజులవి. పెట్రోలు దొరక్క యజమాని లక్ష్మీపతి తన బస్సుల వెనక బొగ్గు డ్రమ్ములు బిగించాడు. కండక్టరు లింగప్ప డ్రమ్ములో బొగ్గు నింపి, నిప్పు రాజేసి, చేత్తో పంకా తిప్పి తిప్పి గ్యాసు పుట్టిస్తే గానీ ఇంజను కదిలేది కాదు. మిట్ట ఎక్కాల్సొస్తే మగవాళ్ళంతా దిగి తోసేవాళ్ళు. అయినా ఆ బొగ్గు బస్సు రోజూ పోయి రోజూ వచ్చేదంటే, అందుకు కారణం తోలే రాజరత్నం ఒకడు, షెడ్డులో దాన్ని కన్నబిడ్డలాగా చూసుకునే మేస్త్రీ సుబ్రమణ్యం ఒకడు. ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు. పొద్దున బస్సు బయలుదేరే ముందు ఒకే అగ్గిపుల్లతో బీడీలు ముట్టించుకునేంత చనువు.

ఆ ఏడు ఎండాకాలం, పుంగనూరుకు కొంచెం ఇవతల బస్సు చెరువుకట్ట మీద పోతూ ఉంది. చెరువులో నీళ్ళు అడుగంటాయి. దారి ఎప్పుడూ పోయే దారే. రాజరత్నం మనసులో ఏ ఆలోచనా లేదు. ఉన్నట్టుండి గుండె ఒక్కసారి ఎగిరిపడింది. తర్వాత ఆగకుండా దబదబా కొట్టుకోసాగింది. ఊపిరి గొంతు దాకా వచ్చి లోపలికి దిగడంలేదు. వేళ్ళ కొసలు చీమలు పట్టినట్టు జుమ్మన్నాయి. నోరు పిడచ కట్టింది. స్టీరింగు మీదున్న చేతులు తనవి కావనిపించింది. దారి ఎక్కడో దూరంగా, పొగలో ఉన్నట్టు కనిపించింది. ఇదే చావు అనుకున్నాడు. అంతకంటే ఘోరమైన ఆలోచన ఇంకొకటి వచ్చింది: ఈ చేతులు నా మాట వినకుండా బస్సును కట్ట కిందికి తిప్పేస్తే?

బ్రేకు తొక్కాడు. బస్సు ఆగింది.

"ఏమైంది అన్నా?" వెనక నుంచి లింగప్ప కేకేశాడు.

రాజరత్నం తలుపు తీసుకుని దిగాడు. దిగిన వాళ్ళంతా అతని ముఖం వైపే చూస్తున్నారు. రైతులు, గొర్రెల వ్యాపారులు, సంతకు పోయే ఆడవాళ్ళు. వంకలో బస్సును వెనక్కి నడిపినవాడని తెలిసిన వాళ్ళే అందరూ.

"గ్యాసు అందడంల్యా. బండి చెడిపోయింది" అన్నాడు.

ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు. లింగప్ప డ్రమ్ము దగ్గరికి పోయి పంకా తిప్పసాగాడు. రాజరత్నం కట్ట దిగి, ఒక కంపచెట్టు చాటుకు పోయి, మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. చొక్కా అంతా తడిసిపోయింది. తన తండ్రి గుర్తుకొచ్చాడు. ఆయన ఇదే వయసులో, సంగటి ముద్ద చేతిలో పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగి చచ్చిపోయాడు. అదే నాకూ వచ్చింది అనుకుని కళ్ళు మూసుకున్నాడు. చావు రాలేదు. కొంతసేపటికి ఊపిరి దానంతటదే దిగింది. గుండె నిదానించింది. ఒళ్ళంతా మోట తోలి వచ్చినట్టు అలిసిపోయి ఉంది, అంతే.

లేచి వచ్చి బస్సు తీశాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. జనం సంతోషంగా ఎక్కారు. ఆ సంతోషం చూసి రాజరత్నానికి మొదటిసారి సిగ్గేసింది.

మళ్ళీ రాదనుకున్నాడు. వచ్చింది. ఒకసారి పలమనేరు దారిలో, ఒకసారి మదనపల్లె పొలిమేరలోనే. వచ్చిన ప్రతిసారీ బస్సు ఆగడం, "బండి చెడిపోయింది" అనడం. తర్వాత తర్వాత అది రాకముందే దాని భయం రావడం మొదలైంది. పొద్దున చెరువుకట్ట తలుచుకుంటేనే సంగటి గొంతు దిగేది కాదు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునేవాడు, తలుపు పక్కకు మారిపోయాడు. పిల్లలతో వెనక కూర్చుంటే బాగుంటుందని భార్య రాహేలుతో చెప్పాడు. వాళ్ళకు పిల్లలు లేరు; అతనన్నది చర్చికి వచ్చే పిల్లల గురించి. రాహేలు మిషను బడిలో చిన్న తరగతులకు టీచరు. ఆమె అతని ముఖం వైపు ఒకసారి చూసింది.

షెడ్డులో మాత్రం సుబ్రమణ్యానికి పట్టుదల పెరిగింది. బస్సు దారిలో ఆగిందని తెలిసిన ప్రతిసారీ గ్యాసు గొట్టాలు విప్పేవాడు, జల్లెడలు కడిగేవాడు, ఇంజను మీద చెవి పెట్టి వినేవాడు.

"ఆగేముందు ఎట్ల శబ్దమొచ్చింది రత్నం? దగ్గినట్లా, ఉక్కిరిబిక్కిరైనట్లా?"

"ఉక్కిరిబిక్కిరైనట్లే" అన్నాడు రాజరత్నం. అది నిజమే. ఇంజను గురించి మాత్రం కాదు.

"నాకు దొరకడంల్యా. ఇన్నేండ్ల నుంచి సూస్తాండా, ఇట్లా దాక్కునే జబ్బు ఏ బండికీ సూళ్ళే" అన్నాడు సుబ్రమణ్యం. మళ్ళీ బోల్టులు విప్పడానికి వంగాడు. నూనె, మసి పట్టిన ఆ వీపు చూస్తూ రాజరత్నం ఒకటి రెండుసార్లు నోరు తెరిచాడు. వంకలో బస్సు నడిపినవాడు, ఖాళీ దారి మీద ఏమీ లేనిదానికి భయపడుతున్నాడని చెప్పాలి. ఏ మాటలతో చెప్పాలో తెలియక, తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఆషాఢంలో ఒకరోజు పుంగనూరులో రెడ్డెమ్మ అనే పెద్దావిడ నిండు గర్భిణి అయిన కోడలిని బస్సు ఎక్కించింది. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చెప్పిందట. మదనపల్లె మిషను ఆసుపత్రికి తీసుకుపోతోంది. "నిదానంగా తోలప్పా, నీ పుణ్యముంటాది" అని రాజరత్నం సీటు వెనకనే కూర్చుంది.

కోడలు మూలుగుతూ ఉంది. ఆ మూలుగు వింటూ రాజరత్నం స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. ఈరోజు మాత్రం రాకూడదు, ఈరోజు మాత్రం రాకూడదు అనుకున్నాడు. అనుకున్న కొద్దీ అది దగ్గరికొచ్చింది. సగం దారిలో, చుట్టూ ఊరు లేని చోట, గుండె ఎగిరిపడింది. ఈసారి ముందటి వాటికంటే గట్టిగా వచ్చింది. కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. ఇంతమందినీ చంపేస్తానని నమ్మాడు. బస్సు ఆపి దిగిపోయాడు.

ఆ రోజు అతను మళ్ళీ ఆ సీటు ఎక్కలేకపోయాడు. లింగప్ప పంకా తిప్పీ తిప్పీ అలిసిపోయాడు. "ఇది కదలదు, మీరు పోండి" అని చెప్పి రాజరత్నం ఇంజను మీదికి వంగి, ఏదో వెతుకుతున్నట్టు నటించాడు. జనం తిట్టుకుంటూ నడక సాగించారు. రెడ్డెమ్మ ఆ దారిన వస్తున్న ఎద్దుల బండిని ఆపి, కోడలిని అందులో పడుకోబెట్టుకుని పోయింది. బండి కుదుపులకు ఆ పిల్ల పెట్టిన కేకలు చాలా దూరం వినిపించాయి.

బిడ్డ బతికింది. తల్లీ బతికింది గానీ చాలా రోజులు ఆసుపత్రి మంచం దిగలేదు. రెడ్డెమ్మ కొడుకు వచ్చి లక్ష్మీపతి ఇంటి ముందు నిలబడి నలుగురూ వినేలా అడిగాడు. లక్ష్మీపతి అంతవరకూ ఓపిక పట్టినవాడే. ఆరోజు నేరుగా షెడ్డుకు వచ్చాడు.

"ఎన్నిసార్లు, సుబ్రమణ్యం? ఎన్నిసార్లు దారిలో నిలిచిపోవాల నా బండి?"

"అయ్యా, నేను విప్పని బోల్టు లేదు. బండిలో లోపం లేదయ్యా."

"బండిలో లోపం లేకపోతే దారిలో యాల నిలిచిపోతాది? ఒక ఆడకూతురి ప్రాణం పొయ్యుంటే నన్ను జైల్లో పెట్టుందురు. నీకీ పని చేతకాదు. పో."

సుబ్రమణ్యం గుడ్డతో చేతులు తుడుచుకుంటూ రాజరత్నం వైపు తిరిగాడు.

"రత్నం, తోలేవాడివి నువ్వు. నువ్వే చెప్పు. నేను ఏంలో తక్కువ చేసినా?"

అందరూ తన వైపు చూస్తున్నారు. కట్ట మీద చూసినట్టే. రాజరత్నం నేల చూశాడు.

"నాకేం తెలుసు. నేను తోలేవాణ్ణి" అన్నాడు.

సుబ్రమణ్యం చేతిలోని గుడ్డ మడిచి గూట్లో పెట్టాడు. మరునాడు పొద్దున భార్య అమరావతిని వెంటబెట్టుకుని, సామాను మూట కట్టుకుని, అత్తగారి ఊరు కుప్పం వెళ్ళిపోయాడు. ఆ బస్సులోనే వెళ్ళాడు. అతను వెనక సీట్లో, రాజరత్నం ముందు సీట్లో. పలమనేరు దాకా ఒక్క మాట లేదు. విచిత్రంగా ఆరోజు గుండె ఏమీ చేయలేదు. రాజరత్నం వెనక్కి తిరిగి చూడలేదు.

తర్వాతి ఆదివారం చర్చిలో ప్రభు భోజనం, అందరూ వరసగా ముందు బల్ల దగ్గరికి పోయి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. తలుపు పక్కన కూర్చున్న రాజరత్నం, తన వరస లేచి ముందుకు నడిచేటప్పుడు తనూ లేచాడు. సగం దూరం పోయాడు. రెండు వైపులా జనం, ముందు జనం, వెనక జనం. అది వచ్చింది. అతను వరస తోసుకుని బయటికి నడిచాడు, నడక కాదు పరుగు. ఒక ముసలాయన చేతికర్ర తగిలి కింద పడింది. ఆ చప్పుడుకు అందరూ తిరిగారు. ఏదో పాపం మనసులో పెట్టుకుని బల్ల దగ్గరికి పోలేకపోయాడని వెనక ఎవరో గుసగుసలాడటం రాహేలు విన్నది.

ఆమె బయటికి వచ్చేసరికి అతను గోడ నీడన నేల మీద కూర్చుని, రొమ్ము పట్టుకుని, కుక్కలా రొప్పుతున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. చీర చెంగుతో అతని ముఖం తుడిచింది. అది తగ్గేదాకా కొంగుతో విసిరింది.

"ఇది మొదటిసారి కాదు కదా" అంది తర్వాత.

"కాదు."

"రేపు ఆసుపత్రికి పోదాం."

"బండి పక్కన పెట్టేదానికి కాదు రాహేలూ."

"మీరు చచ్చిపోతే బండి ఎవరు తోలతారు?" అంది ఆమె.

మిషను ఆసుపత్రిలో డాక్టరు ఇందిర అప్పటికి కొత్తగా వచ్చింది. అంతకుముందు మద్రాసులో పటాలం సిపాయిల ఆసుపత్రిలో పనిచేసింది. ఆమె రాజరత్నం గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. పడుకోబెట్టి, లేపి, గది చుట్టూ పరుగెత్తించి మళ్ళీ విన్నది. బొగ్గు గ్యాసు గురించి అడిగింది. డ్రమ్ము ఎటువైపు ఉంటుంది, పొగ లోపలికి వస్తుందా, తలనొప్పి వస్తుందా, కండక్టరుకు కూడా ఇలా అవుతుందా అని. రాజరత్నానికి ప్రాణం లేచి వచ్చినట్టయింది. గ్యాసు వల్లనేమో! గ్యాసు తగిలిందంటే ఎవరు నవ్వుతారు?

"బస్సులో లేనప్పుడు ఎప్పుడైనా వచ్చిందా?" అడిగింది ఆమె.

"లేదమ్మా" అన్నాడు వెంటనే.

"వచ్చింది డాక్టరమ్మా" అంది రాహేలు. "నిన్న చర్చిలో. ఆడ బొగ్గూ లేదు, గ్యాసూ లేదు."

రాజరత్నం చెవులు కాలిపోయాయి. డాక్టరు అతని వైపు తిరిగి, ఒక ముక్కాలి పీట చూపించి కూర్చోమంది.

"ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. నోరు తెరిచి, కొండ ఎక్కినవాడిలాగా గబగబా ఊపిరి తియ్యి. ఆపమనేదాకా ఆపొద్దు."

అతను మొదలుపెట్టాడు. కొంచెంసేపటికే వేళ్ళు జుమ్మన్నాయి. పెదాల చుట్టూ తిమ్మిరెక్కింది. గది ఊగింది. గుండె దబదబా కొట్టుకుంది. కట్ట మీద వచ్చిందే, అచ్చంగా అదే, ఆసుపత్రి గదిలో పీట మీద వచ్చేసింది. లేచి తలుపు వైపు పోబోయాడు. డాక్టరు అతని భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"పోవద్దు. కూర్చో. ఇప్పుడు నోరు మూసుకుని, ముక్కుతో కొంచెమే తీసుకో. నిదానంగా వదులు. ఇంకా నిదానంగా. వేడి సంగటి మీద ఊదినట్టు."

కొంతసేపటికి అది దిగిపోయింది. రాజరత్నం తన చేతులు చూసుకున్నాడు.

"ఇది మీరే తెప్పించినారా అమ్మా?"

"నువ్వే తెప్పించుకున్నావు, నువ్వే పంపించావు" అంది ఆమె. "నీ గుండెకు జబ్బు లేదు. ఎద్దు కుమ్మడానికి వస్తే ఏమవుతుంది? గుండె వేగమవుతుంది, ఊపిరి ఎగదన్నుతుంది, కాళ్ళు పరుగుకు సిద్ధమవుతాయి. అది మంచిదే, ప్రాణం కాపాడుతుంది. నీకు ఎద్దు లేకుండానే ఒళ్ళు పరుగుకు లేస్తోంది. ఎందుకు లేచిందో తెలియక, చచ్చిపోతున్నానని నువ్వు భయపడతావు. ఆ భయానికి ఊపిరి ఇంకా ఎక్కువ తీస్తావు. దాంతో వేళ్ళు జుమ్మంటాయి, తల తిరుగుతుంది. అది చూసి ఇంకా భయం. ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ పోతాయి."

"అయితే ఇది భయమే అంటారు" అన్నాడు రాజరత్నం.

"భయమే. కానీ పిరికితనం కాదు. బర్మా నుంచి వచ్చిన సిపాయిల్లో చూశాను. రొమ్ము మీద పతకాలు ఉన్నవాళ్ళు, రైలు కూత వింటే మంచం కింద దూరేవాళ్ళు. పోయిన యుద్ధంలోనూ ఉంది ఇది. సిపాయి గుండె అనేవాళ్ళట."

"సిపాయిలు యుద్ధం చూసినారమ్మా. నేను ఏం చూసినాను? చెరువుకట్ట చూసినాను."

ఆమె గొట్టం తీసి బల్ల మీద పెట్టింది. "ఎందుకు వచ్చిందో నాకూ తెలియదు. కొందరికి కారణం కనబడుతుంది, కొందరికి కనబడదు. ఎట్లా పోతుందో మాత్రం కొంత తెలుసు. మళ్ళీ వస్తుంది. వచ్చినప్పుడు పారిపోవద్దు, దానితో కొట్లాడవద్దు. ఉన్నచోటే ఉండు, ఊపిరి నిదానంగా వదులు. అలలాగా లేచి, అలలాగా దిగుతుంది. నువ్వు పారిపోయిన ప్రతిసారీ, పారిపోయాను గనక బతికాను అని ఒళ్ళు నేర్చుకుంటోంది. ఇది కుదిరేదాకా స్టీరింగు పట్టకు. ఇంకో మాట, దాచిపెట్టకు. దాచిన కొద్దీ పెరుగుతుంది."

మెట్లు దిగుతూ రాజరత్నం, గుండెజబ్బే అయ్యుంటే బాగుండేదనుకున్నాడు. గుండెజబ్బు మనిషిని చూసి జనం జాలిపడతారు, కుర్చీ వేస్తారు. భయం జబ్బు మనిషికి ఏం వేస్తారు?

ఇంటికి పోయాక రాహేలుకు జరిగినదంతా చెప్పాడు. కట్ట, కంపచెట్టు, రెడ్డెమ్మ కోడలు. సుబ్రమణ్యం సంగతి అన్నిటికంటే చివర చెప్పాడు.

"నువ్వే చెప్పు అని నన్నడిగినాడు. నాకేం తెలుసు అంటి."

రాహేలు లేచి పొయ్యి మీద కుండ దించింది.

"భయం మీ తప్పు కాదు, డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట మాత్రం మీదే" అంది.

లక్ష్మీపతి ఇంటి అరుగు మీద నిలబడి చెప్పడం మరో ఎత్తు. ఆయన విన్నంతసేపూ మీసం దువ్వుకుంటూ విన్నాడు. కోప్పడలేదు. అదే రాజరత్నానికి ఎక్కువ కష్టంగా ఉండింది.

"నువ్వా? వంకలో బస్సు నడిపిన నువ్వా?" అన్నాడు ఆయన చివరికి. "ఒకటి చెప్తా విను. గుండెజబ్బని చెప్పు. నలుగురిలో చెప్పుకునేదానికి మర్యాదగా ఉంటాది. నేనూ అట్లే చెప్తా."

"వద్దయ్యా. నేనట్లా ఇంకో అబద్ధం చెప్తే సుబ్రమణ్యం చెడ్డ మేస్త్రీగానే మిగిలిపోతాడు. ఆయన్ను మళ్ళీ పిలిపించండి."

"పోయినోణ్ణి నేను పోయి బతిమాలాల్నా? వస్తే రానీ. నువ్వు మాత్రం ఆ సీటు ఎక్కొద్దు. షెడ్డులో బొగ్గు కొట్టే పని ఉండాది, చేస్తే చెయ్యి."

అంతకుముందు తనకు "అన్నా" అని దారి ఇచ్చిన వాళ్ళ మధ్య రాజరత్నం బొగ్గు కొట్టాడు. కారణం ఒక్కరోజులో ఊరంతా పాకింది. లింగప్ప ముఖం చాటేశాడు. పంకా తిప్పి తిప్పి బొబ్బలెక్కిన చేతులవి, అతని కోపంలో న్యాయం ఉంది. ఒకరోజు రాజరత్నం ఉతికిన చొక్కా వేసుకుని, కుప్పం పోవడానికి తను తోలిన బస్సులోనే ప్రయాణికుడిగా ఎక్కాడు.

కట్ట మీద ఏమీ కాలేదు. పలమనేరులో బస్సు మారాడు. శాంతిపురం దాటాక, కిక్కిరిసిన ఆ బస్సులో, కిటికీకి దూరంగా ఇరుక్కుని కూర్చున్నప్పుడు వచ్చింది. ఆపమని అరవాలని నోటిదాకా వచ్చింది. డ్రైవరు వీపు కనబడుతోంది. అతనికి ఒక్క కేక వేస్తే చాలు, దిగిపోవచ్చు. రాజరత్నం ముందు సీటు కమ్మీ పట్టుకుని, పళ్ళు బిగించి, ఊపిరి వదలసాగాడు. పక్కన కోళ్ళ గంప ఒళ్ళో పెట్టుకున్న ఒక ఆడమనిషి అతని వైపు చూసింది.

"ఏమప్పా, అట్ల సెమటలు కారిపోతాండాయి? కడుపునొప్పా?"

కడుపునొప్పే అనొచ్చు. ఎంత తేలిక.

"లేదమ్మా. నాకు భయమెత్తుకుంది. వస్తా ఉంటాది. పోతాది" అన్నాడు.

"దేనికి భయం?"

"దేనికీ లేదు."

ఆమె ఆశ్చర్యపోలేదు. "మా చిన్నాయనకు గూడా అట్లే ఉండె. దెయ్యమని యాపమండలతో కొట్టిరి. కొట్టినా పోలే" అంది. గంప కొంచెం పక్కకు జరిపి అతని మోకాళ్ళకు చోటిచ్చింది. పేరు కుప్పమ్మ అని, ఈ కోళ్ళు కూతురి ఇంటికని, అల్లుడికి నాటుకోడి తప్ప దిగదని చెప్తూ పోయింది. రాజరత్నానికి సగమే వినబడింది. అయినా ఆ గొంతు పట్టుకుని కూర్చున్నాడు. అది లేచింది, ఇక భరించలేననిపించేంత పైకి లేచింది. తర్వాత, బస్సు ఆగకుండానే, అతను దిగకుండానే, దిగిపోయింది. కుప్పమ్మ ఇంకా అల్లుడి గురించే చెప్తోంది. అతనికి ఏడుపొచ్చింది. కిటికీ దూరంగా ఉంది కాబట్టి ముఖం తిప్పుకోవడానికి చోటు లేదు.

సుబ్రమణ్యం కుప్పంలో ఒక వేరుశనగ నూనె మిల్లు ఇంజను చూసుకుంటున్నాడు. రాజరత్నం పోయేసరికి దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. మనిషి సన్నబడ్డాడు. చూసి లేవలేదు.

రాజరత్నం నిలబడే చెప్పాడు. దారిలో అనుకున్న మాటలన్నీ పోయాయి. "బండికి ఏ జబ్బూ లేదు. జబ్బు నాకు. ఆపింది నేను. చెప్పేదానికి సిగ్గుపడి బండి మీద వేసినా. ఆరోజు నువ్వడిగితే గూడా నోరు రాలే."

ఇంజను చప్పుడుకు వినబడలేదేమో అనుకున్నాడు. సుబ్రమణ్యం లేచి ఇంజను ఆపేశాడు.

"మళ్ళా చెప్పు."

మళ్ళీ చెప్పాడు. ఈసారి ఆ నిశ్శబ్దంలో ప్రతి మాటా గోడకు తగిలి తిరిగొచ్చింది. మిల్లులో శనగకాయలు ఎత్తేవాళ్ళు కూడా విన్నారు.

సుబ్రమణ్యం అతని చొక్కా పట్టుకున్నాడు. కొడతాడనుకున్నాడు రాజరత్నం, కొడితే బాగుండుననుకున్నాడు. సుబ్రమణ్యం వదిలేసి, "పో ఈణ్ణుంచి" అన్నాడు.

రాజరత్నం మిల్లు బయట మట్టిగోడ పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నం అమరావతి భర్తకు అన్నం తెచ్చి, అతన్ని చూసి ఆగింది. అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు.

"ఆయన ఈ ఇంజను రోజుకు ఎన్నిసార్లు విప్పుతాడో నీకు తెలుసునా అన్నా?" అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "బాగున్నదాన్నే విప్పుతాడు. నా చేతులకు ఏమో అయింది అమరావతీ, ఇవి తప్పు చేస్తాండాయి, నాకు తెలీడంల్యా అంటాడు. నిద్దర పోడు."

తన చేతులు తనవి కావనిపించడం ఎలా ఉంటుందో రాజరత్నానికి తెలుసు. ఆ జబ్బును తను ఇంకొకరికి అంటించాడు.

పొద్దు వాలాక సుబ్రమణ్యం బయటికి వచ్చి, కొంచెం దూరంగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"బిగించిందంతా సరిగ్గానే బిగించినానన్నమాట" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు.

"అంతా సరిగ్గానే ఉండె."

"జల్లెడ?"

"జల్లెడా సరిగ్గానే ఉండె."

సుబ్రమణ్యం అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "అది వచ్చినప్పుడు ఎట్లుంటాది?" అని అడిగాడు.

రాజరత్నం చెప్పాడు. చీమలు పట్టిన వేళ్ళు, పొగలో దారి, బస్సును కట్ట కిందికి తిప్పేస్తానేమోనన్న ఆలోచన, రాహేలుకు కూడా చెప్పనిది, అది కూడా చెప్పాడు. సుబ్రమణ్యం ఇంజను శబ్దం విన్నట్టే తల ఒకపక్కకు వంచి విన్నాడు.

"నాతో ఒక్క మాట అనుంటే, బండి పక్కన పెట్టి, అది పొయ్యేదాకా కూర్చునుందుము కదరా" అన్నాడు. "ఇన్నేండ్లలో నన్ను అంతే తెలుసుకున్న్యా నువ్వు?"

"నువ్వు నవ్వుతావని..."

"నవ్వుందునేమో" అన్నాడు సుబ్రమణ్యం నిజాయితీగా. "నవ్వి, కూర్చునుందును."

వెంటరమ్మంటే మాత్రం రాలేదు. "నలుగురిలో పొమ్మన్నోడు నలుగురిలో పిలవాల. నువ్వు పిలిస్తే రాను" అన్నాడు. ఆ పూట రాజరత్నానికి అన్నం పెట్టించాడు గానీ పక్కన కూర్చుని తినలేదు.

లక్ష్మీపతి వానలు తగ్గాక గానీ కదలలేదు. కొత్తగా పెట్టుకున్న మేస్త్రీ చేతిలో బస్సు నిజంగానే మూలన పడింది. అప్పుడు కుప్పం పోయి, మిల్లు వాకిట్లో, శనగకాయలు ఎత్తేవాళ్ళ ముందు సుబ్రమణ్యాన్ని పిలిచాడు. సుబ్రమణ్యం వచ్చాడు. వచ్చాక అతనికీ రాజరత్నానికీ మధ్య మాటలున్నాయి గానీ, ఒక అగ్గిపుల్లతో రెండు బీడీలు ముట్టించడానికి చాలాకాలం పట్టింది.

రెడ్డెమ్మ ఊరికి రాజరత్నం తనే పోయాడు. ఆమె అంతా విని, "నా కోడలు ఆ బండిలో పడిన బాధకు నీ మాట ఏం చేస్తాదప్పా?" అంది. లోపలికి రమ్మనలేదు. అతను వాకిట్లోనే కొంతసేపు నిలబడి, నమస్కారం పెట్టి వచ్చేశాడు. అక్కడ అంతకంటే దొరికేది ఏదీ లేదని తెలిసే పోయాడు.

డాక్టరు ఇందిర చెప్పినట్టు చాలా వారాలు ప్రయాణికుడిగా బస్సులో తిరిగాడు. చర్చిలో ఒక్కొక్క వరసా ముందుకు జరిగాడు. అది రావడం తగ్గింది, పూర్తిగా పోలేదు. తర్వాత ఖాళీ బస్సును ఊరి చుట్టూ తోలాడు, పక్కన సుబ్రమణ్యం కూర్చుంటే. యుద్ధం అయిపోయే నాటికి, డ్రైవర్లు దొరకక కొంత, సుబ్రమణ్యం పట్టుబట్టడం వల్ల కొంత, లక్ష్మీపతి అతనికి పుంగనూరు దాకా సగం దారి బస్సు ఇచ్చాడు.

భయం డ్రైవరు అనే పేరు మాత్రం మిగిలిపోయింది. కొందరు అతని బస్సు ఎక్కక తర్వాతి దానికి ఆగేవాళ్ళు. పుంగనూరు బస్సుల దగ్గర అంగడి పెట్టుకున్న లక్కగాజుల వ్యాపారి ఒకరోజు నలుగురి ముందు, "ఏమప్పా రాజరత్నం, ఈ పొద్దు భయమొచ్చిందా, ఇంకా రాలేదా?" అని అడిగాడు.

జనం నవ్వారు. రాజరత్నం ముఖం వేడెక్కింది. అది ఎప్పటికీ చల్లారదేమో.

"ఇంకా రాలేదు" అన్నాడు. "వస్తే బండి పక్కన ఆపుతా. పోయినాక తోలుతా. ఎక్కేవాళ్ళు ఎక్కండి."

ముందుగా ఒక ముసలాయన ఎక్కాడు. తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు. లింగప్ప పంకా తిప్పడం మొదలుపెట్టాడు.